బెంగళూరులో తక్కువ ఖర్చుతో కంప్యూటర్ సైన్స్: కాలేజీ కంటే ముందు సీటు దారి చూసుకోండి

బెంగళూరులో ఏదైనా ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ క్లాసు తీసుకోండి. ఒకే బెంచీ మీద కూర్చున్న నలుగురు నాలుగు రకాల ఫీజులు కట్టి ఉంటారు. ఒకరికి ట్యూషన్ ఫీజు మాఫీ. ఇంకొకరు కేఈఏ సీటు, అంటే ప్రభుత్వ కోటా సీటు మీద ఏడాదికి లక్షకు అటూ ఇటూ కట్టారు. మూడోవారు కామెడ్‌కే, అంటే ప్రైవేట్ కాలేజీల ఉమ్మడి ఎంట్రన్స్ ద్వారా వచ్చిన సీటుకి రెండు లక్షల పైన కట్టారు. నాలుగోవారి మేనేజ్‌మెంట్ సీటుకి ఎంత పోశారో ఇంట్లోవాళ్లు పైకి చెప్పరు. పాఠం ఒకటే, ల్యాబు ఒకటే, చివర్న చేతికొచ్చే పట్టా ఒకటే. అందుకే "ఏ కాలేజీ చవక?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతారు. "మా పిల్లకి ఏ దారిన సీటు వస్తుంది?" అని ముందు తేల్చుకోవాలి.

మొదటి మెట్టు: కేసీఈటీకి అర్హత ఉందా?

కర్ణాటకలో ప్రభుత్వ కోటా సీట్లు కర్ణాటక పరీక్షల ప్రాధికారం, అంటే కేఈఏ, నింపుతుంది. దానికి రాయాల్సిన పరీక్ష కేసీఈటీ. బెంగళూరులో ఇల్లుంది, ఆధార్ ఇక్కడిదే అన్నంత మాత్రాన సరిపోదు, చదువు లెక్క చూస్తారు. ప్రధానమైన నిబంధన ఇది: ఒకటో తరగతి నుంచి పన్నెండు లోపు కనీసం 7 పూర్తి విద్యా సంవత్సరాలు కర్ణాటకలో చదివి ఉండాలి, పదో తరగతి గానీ పన్నెండు గానీ కర్ణాటకలో పాసై ఉండాలి.

తెలుగు కుటుంబాల్లో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కాబట్టి, వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకోండి. ఆరో తరగతిలో బెంగళూరు వచ్చి పన్నెండు దాకా ఇక్కడే చదివితే సరిగ్గా 7 ఏళ్లు, అర్హత ఉంది. నాలుగు నుంచి పది దాకా ఇక్కడ చదివి, ఇంటర్ మాత్రం విజయవాడలోనో హైదరాబాద్‌లోనో రెసిడెన్షియల్ కాలేజీలో చదివినా 7 ఏళ్లు నిండాయి, పది ఇక్కడే పాసయ్యారు, కాబట్టి అర్హత పోలేదు. ఇంటర్‌కి బయటికి పంపాం కదా, ఇక కేసీఈటీ లేదనుకుని దరఖాస్తే పెట్టని ఇళ్లు ఉన్నాయి. ఆ నిర్ణయం నాలుగేళ్లలో లక్షల తేడా తెస్తుంది. ఎనిమిదిలో వచ్చినవాళ్లకి మాత్రం అయిదేళ్లే అవుతాయి, ఈ నిబంధన కింద కుదరదు. అప్పుడు తల్లిదండ్రుల వైపు చూడండి. తల్లి గానీ తండ్రి గానీ కర్ణాటకలో 7 ఏళ్లు చదివి ఉండి, పిల్లలు రెండేళ్ల పీయూసీ (ఇక్కడి ఇంటర్) ఇక్కడే చదివితే మరో నిబంధన కింద దారి ఉంది. కేంద్ర ప్రభుత్వ, సైనిక ఉద్యోగుల పిల్లలకీ వేరే నిబంధనలు ఉన్నాయి. ఆ ఏడాది కేఈఏ ఇచ్చే సమాచార పుస్తకంలో ఇవన్నీ అక్షరాలవారీగా ఉంటాయి. దరఖాస్తు నింపేముందు ఆ పేజీలు రెండుసార్లు చదవండి.

దీనికి కావలసిన కాగితం స్టడీ సర్టిఫికెట్. ఒక్కో స్కూల్లో ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా చదివారో రాయించి, అక్కడి బీఈఓ (బ్లాకు విద్యాధికారి)తో సంతకం పెట్టించుకోవాలి. మూడు స్కూళ్లు మారి ఉంటే మూడు సర్టిఫికెట్లు. మూతపడ్డ స్కూలు ఒకటుంటే బీఈఓ ఆఫీసు చుట్టూ తిరగడానికి వారాలు పడుతుంది. ఈ పని పరీక్షల హడావుడి మొదలవకముందే, డిసెంబర్‌కల్లా ముగించండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు కర్ణాటక తహసీల్దారు ఇచ్చినవై, వాటి మీద వేసే ఆర్‌డీ నంబర్ ఉన్నవై ఉండాలి. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో తెచ్చిన సర్టిఫికెట్ ఇక్కడి రిజర్వేషన్‌కి పనికిరాదు.

అర్హత ఉంటే ర్యాంకు సగం పరీక్షతో, సగం పన్నెండో తరగతి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మార్కులతో వస్తుంది. పరీక్షలో సబ్జెక్టుకి 60 చొప్పున 180 మార్కులు, తప్పు జవాబుకి కోత లేదు. అంటే బోర్డు పరీక్షని నిర్లక్ష్యం చేసి ఎంట్రన్స్ మీదే పడితే సగం ర్యాంకు చేజేతులా పోగొట్టుకున్నట్టే.

అర్హత లేకపోతే

హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చేవాళ్లకీ, ఆలస్యంగా బెంగళూరు చేరినవాళ్లకీ మిగిలేది ముఖ్యంగా కామెడ్‌కే. దీనికి స్థానికత అక్కర్లేదు, దేశంలో ఎవరైనా రాయొచ్చు. 180 ప్రశ్నలు, మూడు గంటలు, ఇక్కడా నెగటివ్ మార్కులు లేవు. ప్రైవేట్ కాలేజీల్లో మామూలుగా నూటికి 45 సీట్లు ప్రభుత్వ కోటా, 30 కామెడ్‌కే, 25 మేనేజ్‌మెంట్. ఫీజు రెండు లక్షలకు అటూ ఇటూ మొదలై, పేరున్న కాలేజీల్లో మూడు లక్షల దగ్గరికి పోతుంది.

ఆంధ్రాలో స్థానికత ఉన్నవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. ఈఏపీసెట్ కన్వీనర్ కోటాలో, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అర్హతతో దొరికే సీటు ముందు బెంగళూరు కామెడ్‌కే సీటు డబ్బు పరంగా నిలవదు. రీయింబర్స్‌మెంట్ సాధారణంగా కర్ణాటక ప్రైవేట్ కాలేజీకి వెంట రాదు. బెంగళూరులో చదివితేనే బెంగళూరులో ఉద్యోగం వస్తుందన్నది నిజం కాదు. ఇక్కడి ఆఫీసుల్లో పనిచేస్తున్న తెలుగువాళ్లలో ఎంతమంది అనంతపురం, తిరుపతి, కాకినాడ కాలేజీల నుంచి వచ్చారో చుట్టూ చూస్తే తెలుస్తుంది.

జేఈఈ మెయిన్ ర్యాంకు బాగుంటే సురత్కల్ ఎన్‌ఐటీ, ధార్వాడ్, రాయచూరు ట్రిపుల్ ఐటీలు జోసా, అంటే ఐఐటీ, ఎన్‌ఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్‌లో ఉంటాయి. ఎన్‌ఐటీల్లో ట్యూషన్ ఏడాదికి 1,25,000. కుటుంబ ఆదాయం లక్ష లోపైతే అది పూర్తిగా మాఫీ, 1 నుంచి 5 లక్షల మధ్య అయితే మూడింట రెండు వంతులు మాఫీ, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి పూర్తిగా మాఫీ. ఇంట్లో డబ్బు తక్కువై, ర్యాంకు ఉన్న పిల్లలకి ఇంతకంటే మంచి బేరం లేదు.

రెండో మెట్టు: నాలుగేళ్ల లెక్క ఒక కాగితం మీద

కాలేజీవాళ్లు చెప్పేది ఒక ఏడాది ట్యూషన్. మీరు కట్టేది అది కాదు. ట్యూషన్ పక్కన యూనివర్సిటీ ఫీజు, పరీక్ష ఫీజులు, "స్కిల్ ల్యాబ్", "ప్లేస్‌మెంట్ ట్రైనింగ్" అంటూ తీసుకునేవి, బస్సు లేదా హాస్టల్, ల్యాప్‌టాప్ వేయండి. రెండు ఉదాహరణలు చూద్దాం.

ఇంట్లోంచి వెళ్లే కేఈఏ సీటు: ట్యూషన్ లక్ష, ఇతర ఫీజులు 25 వేలు, ప్రయాణం, పుస్తకాలు మరో 25 వేలు. ఏడాదికి లక్షన్నర, నాలుగేళ్లకి 6 లక్షలు, ల్యాప్‌టాప్ 50 వేలు. మొత్తం ఆరున్నర.

పీజీలో (పేయింగ్ గెస్ట్ వసతిలో) ఉండే కామెడ్‌కే సీటు: ట్యూషన్ రెండున్నర లక్షలు, ఇతర ఫీజులు 30 వేలు, పీజీకి నెలకి 9 వేల చొప్పున పది నెలలకి 90 వేలు, చేతి ఖర్చు, ఊరికి రాకపోకలు 30 వేలు. ఏడాదికి 4 లక్షలు, నాలుగేళ్లకి 16, ల్యాప్‌టాప్‌తో పదహారున్నర.

ఇప్పుడు అప్పు సంగతి. ఏటా రెండున్నర లక్షల చొప్పున 10 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. చదువు నాలుగేళ్లు, ఆపైన ఏడాది గడువు. ఆ అయిదేళ్లలో మామూలు వడ్డీయే మూడున్నర లక్షలవుతుంది. కంతులు మొదలయ్యేనాటికి బాకీ పదమూడున్నర. పదేళ్లలో తీర్చాలంటే నెలకి దాదాపు 17,800. పెద్ద సర్వీసు కంపెనీలు ఫ్రెషర్‌కి ఇచ్చేది ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూ, చేతికి నెలకి పాతిక వేలకు కాస్త అటూ ఇటూ. బెంగళూరులో అద్దె కట్టుకుని, తిండి తిని, 17,800 కంతు కట్టడం కుదిరే పని కాదు. చివరికి ఆ కంతు తండ్రి రిటైర్మెంట్ డబ్బు మీద పడుతుంది.

కంతు మొదటి జీతంలో మూడో వంతు, అంటే 8 వేలు, దాటకూడదని పెట్టుకుంటే ఇదే లెక్కన తీసుకోగలిగిన అప్పు సుమారు నాలుగున్నర లక్షలు. అంతకు మించి అప్పు చేయాల్సి వచ్చే సీటు మీ పిల్లకి ఖరీదైన సీటే, కాలేజీ పేరు ఎంత పెద్దదైనా. మా ఖచ్చితమైన అభిప్రాయం ఇది. చదువుతుండగానే ఏటా వడ్డీ కట్టేయగలిగితే ఈ హద్దు కొంచెం పెంచుకోవచ్చు.

ప్రయాణం కూడా డబ్బే. కేఆర్ పురంలో ఇల్లు, హెసరఘట్ట వైపు కాలేజీ అయితే రోజుకి నాలుగు గంటలు రోడ్డు మీదే పోతాయి, రెండో సెమిస్టర్‌కల్లా పీజీ వెతుక్కుంటారు, లెక్క తలకిందులవుతుంది. మెట్రో పటం పక్కన పెట్టుకుని కాలేజీల జాబితా చూడండి. వైట్‌ఫీల్డ్ నుంచి కెంగేరి మీదుగా చల్లఘట్ట దాకా పర్పుల్ లైన్ 2023 అక్టోబర్ నుంచి పూర్తిగా నడుస్తోంది. ఎలక్ట్రానిక్ సిటీ వైపు వాళ్లకి 2025 ఆగస్టులో యెల్లో లైన్ వచ్చింది. అమ్మాయిల ఆధార్‌లో కర్ణాటక చిరునామా ఉంటే శక్తి పథకం కింద బీఎంటీసీ (నగర బస్సు సంస్థ) మామూలు బస్సుల్లో ప్రయాణం ఉచితం.

మూడో మెట్టు: కాలేజీని కాగితాల్లో చదవండి

ముందు ప్రభుత్వ కాలేజీ. కేఆర్ సర్కిల్‌లోని యూవీసీఈ (యూనివర్సిటీ విశ్వేశ్వరయ్య ఇంజనీరింగ్ కాలేజీ)ని 1917లో సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పెట్టించారు. ఇప్పుడది సొంత చట్టంతో నడిచే విశ్వవిద్యాలయం. భవనాలు పాతవి, మెరుపులు లేవు. ఫీజు ప్రైవేట్ కాలేజీ కేఈఏ సీటు కంటే తక్కువ, ర్యాంకు మాత్రం గట్టిది కావాలి. ర్యాంకు అందితే ఆప్షన్లలో పైన పెట్టండి.

ప్రైవేట్ కాలేజీల దగ్గరికొస్తే, కరపత్రం పక్కన పడేసి నాలుగు కాగితాలు చూడండి. ఆ ఏడాదికి ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) అనుమతి, అందులో కంప్యూటర్ సైన్స్ సీట్లు ఎన్ని. యూనివర్సిటీ అనుబంధం, ఎక్కువ కాలేజీలకి అది బెళగావిలోని వీటీయూ (విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం). కోర్సు నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు, ఇది కాలేజీ మొత్తానికి కాదు, ఒక్కో బ్రాంచికి ఇస్తారు. మెకానికల్‌కి ఉండి కంప్యూటర్ సైన్స్‌కి లేని చోట్లు ఉంటాయి, కాబట్టి బ్రాంచి పేరు, గడువు తేదీ రెండూ చూడాలి.

నాలుగోది అన్నిటికంటే విలువైనది: కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగ్ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి కాలేజీ సమర్పించిన సమాచార పత్రం. పోటీలో పాల్గొన్న కాలేజీ దీన్ని తన సైట్లో పెట్టాలి. మొదటి ఏడాది ఎంతమంది చేరారు, సమయానికి ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మధ్యస్థ జీతం ఎంత, అన్నీ అందులో వరుసగా ఉంటాయి. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద కనిపించే "అత్యధిక ప్యాకేజీ" ఒక్క పిల్లాడిది. మధ్యస్థ జీతం వరుసలో నడిమి పిల్లాడిది, మీకు కావలసింది అదే. ఉద్యోగాలొచ్చినవాళ్లని పాసైనవాళ్లతో కాకుండా, నాలుగేళ్ల కింద చేరినవాళ్లతో భాగించి చూడండి. నూటికి తొంభై అని చెప్పుకునే చోట అసలు అంకె బయటపడుతుంది. ఈ పత్రంలో అన్ని బ్రాంచిలూ కలిపి ఉంటాయి కాబట్టి కంప్యూటర్ సైన్స్ వరకు విడిగా ప్లేస్‌మెంట్ ఆఫీసులో అడగండి.

ఇంకొకటి. 2024 నుంచి ఏఐసీటీఈ సీట్ల గరిష్ఠ పరిమితి ఎత్తేశాక చాలా చోట్ల కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పెరిగాయి. సీట్లు పెరిగినంత వేగంగా మంచి అధ్యాపకులు రారు. ఇరవైమందికి ఒకరు అన్నది ఏఐసీటీఈ లెక్క. కాలేజీ సైట్లో డిపార్ట్‌మెంట్ అధ్యాపకుల పేర్లు లెక్కపెట్టి, నాలుగేళ్ల విద్యార్థుల సంఖ్యని దాంతో భాగించండి. తర్వాత ఒక మామూలు పనిదినాన కాలేజీకి వెళ్లి, క్యాంటీన్ దగ్గర మూడో ఏడాది పిల్లల్ని పలకరించండి. వాళ్లలో తెలుగువాళ్లు తప్పకుండా దొరుకుతారు. ల్యాబులో ఒక్కో కంప్యూటర్ మీద ఎంతమంది కూర్చుంటున్నారు, డేటా స్ట్రక్చర్స్ ఎవరు చెప్పారు, మధ్యలో ఎన్నిసార్లు మాస్టారు మారారు, క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు మీ మార్కులవాళ్లని రానిస్తున్నాయా అని అడగండి. అరగంటలో నాలుగు సైట్లు చెప్పని సంగతులు తెలుస్తాయి.

నాలుగో మెట్టు: ఆప్షన్లు పెట్టడం

కంప్యూటర్ సైన్స్ అన్న పేరు కోసమే పట్టుబట్టకండి. కర్ణాటకలో ఇన్ఫర్మేషన్ సైన్స్ పాఠ్యక్రమం దాదాపు అదే, కంపెనీలు తేడా చూడవు, కటాఫ్ మాత్రం కొంచెం తేలిగ్గా ఉంటుంది. మంచి కాలేజీలో ఇన్ఫర్మేషన్ సైన్స్ తీసుకోవడం, బలహీనమైన కాలేజీలో కంప్యూటర్ సైన్స్ కంటే నయం. ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ పేర్లతో ఉన్న బ్రాంచిల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డేటాబేస్, అల్గారిథమ్స్ పూర్తిగా ఉన్నాయో లేదో సిలబస్ తెరిచి చూశాకే పెట్టండి. చేరాక బ్రాంచి మార్చుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మి దిగకండి, ఆ ఖాళీలు చాలా అరుదు.

కేఈఏ గత ఏళ్ల కటాఫ్ ర్యాంకులు కేటగిరీవారీగా ప్రకటిస్తుంది. రెండేళ్లవి పక్కపక్కన పెట్టండి. మీ ర్యాంకు కంటే గట్టివి ఒక పది, సరితూగేవి పదిహేను, ఖాయంగా వచ్చేవి పది. ప్రతి ఆప్షన్ ఎదురుగా ఫీజు రాసుకోండి. ప్రైవేట్ యూనివర్సిటీల్లోనూ కేఈఏ సీట్లుంటాయి, వాటి ఫీజు వేరుగా, ఎక్కువగా ఉంటుంది. చూడకుండా పైన పెట్టేస్తే అదే తగులుకుంటుంది. కట్టలేని ఫీజున్న ఆప్షన్ అసలు పెట్టకండి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే సూపర్‌న్యూమరరీ కోటా కోసం దరఖాస్తులో తప్పక గుర్తుపెట్టండి. ప్రతి బ్రాంచిలో అదనంగా 5 శాతం సీట్లు ఈ కోటాలో ట్యూషన్ మాఫీతో ఇస్తారు. ఆదాయం సర్టిఫికెట్ చేతిలో లేక ఇది జారిపోయేవాళ్లే ఎక్కువ.

మాక్ అలాట్‌మెంట్ (నమూనా కేటాయింపు) వచ్చాక ఆప్షన్లు సరిదిద్దుకోవడానికి సమయం ఇస్తారు, ఆ ఒక్క అవకాశాన్ని వాడుకోండి. అసలు సీటు వచ్చాక నాలుగు ఛాయిస్‌లు: ఒకటి, ఒప్పుకుని చేరడం. రెండు, ఇది ఉంచుకుని పైవాటికి ప్రయత్నించడం. మూడు, ఇది వదిలి తర్వాతి రౌండుకి పోవడం. నాలుగు, తప్పుకోవడం. సందేహంగా ఉంటే రెండే మంచిది. మూడు నొక్కి, తర్వాతి రౌండులో ఏదీ రాక మేనేజ్‌మెంట్ సీటుకి పరుగెత్తిన కుటుంబాలు ఏటా ఉంటాయి. రెండు ఎంచుకుంటే, తర్వాతి రౌండులో పై ఆప్షన్ వస్తే పాతది తనంతట పోతుంది. అందుకే మీకు నిజంగా ఇష్టమైనవే పైన ఉండాలి.

ఏజెంట్ల గురించి

పన్నెండు పరీక్షలు కాకముందే ఫోన్లు మొదలవుతాయి. "కేఈఏ సీటు క్యాన్సిలేషన్‌లో ఇప్పిస్తాం", "ఇప్పుడే లక్ష కడితే బ్లాక్ చేస్తాం" అంటారు. ప్రభుత్వ కోటా సీటు ఎవరూ అమ్మలేరు, అది ర్యాంకుతోనే కదులుతుంది. రసీదు లేని డొనేషన్ కర్ణాటకలో 1984 నాటి క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం ప్రకారం నేరం. మేనేజ్‌మెంట్ సీటే తీసుకోవాలని నిర్ణయించుకుంటే నేరుగా కాలేజీ ఆఫీసుకి వెళ్లి, నాలుగేళ్ల ఫీజు, ఏటా పెంపు ఉందా లేదా అన్నది లెటర్‌హెడ్ మీద రాయించుకుని, కాలేజీ ఖాతాకే డబ్బు పంపండి.

అయిదో మెట్టు: స్కాలర్‌షిప్పులు, లోను

అమ్మాయిలకి ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్పు ఏడాదికి 50,000. ఆదాయం 8 లక్షల లోపు, ఇంట్లో ఇద్దరు అమ్మాయిల దాకా. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవారికి సక్షమ్ స్కాలర్‌షిప్పు కింద అంతే. పన్నెండులో తమ బోర్డులో పై 20 పర్సెంటైల్‌లో ఉండి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపైతే కేంద్రం స్కాలర్‌షిప్పు మొదటి మూడేళ్లు 12,000 చొప్పున, నాలుగో ఏడాది 20,000. కర్ణాటక ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు ఎస్‌ఎస్‌పీ (స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్)లో ఉంటాయి. దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది రెండు చోట్ల: విద్యార్థి బ్యాంకు ఖాతాకి ఆధార్ జత కాకపోవడం, పదో తరగతి మార్కుల జాబితాలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంటిపేరుతో ఇంకోలా ఉండటం. మన ఇంటిపేర్లతో ఇది మరీ ఎక్కువ. వేసవిలోనే సరిచేయించండి.

లోను కావాలంటే 4 లక్షల దాకా మీ వాటా పెట్టక్కర్లేదు, ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు సాధారణంగా అడగరు. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో మెరిట్ సీటు వచ్చినవారికి హామీ లేకుండా లోను ఇస్తుంది. ఆదాయం 8 లక్షల లోపైతే 10 లక్షల దాకా లోను మీద చదువుకునే కాలానికి, ఆపైన గడువుకి 3 శాతం వడ్డీ రాయితీ. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ఆప్షన్లు పెట్టే రోజునే చూసుకోండి.

ఇంజనీరింగ్ సీటు లెక్కలో ఇమడకపోతే

బీసీఏ తక్కువ చదువు కాదు. కర్ణాటకలో 2024 నుంచి డిగ్రీ మళ్లీ మూడేళ్లే. నృపతుంగ రోడ్డులోని నృపతుంగ విశ్వవిద్యాలయం ఒకప్పటి ప్రభుత్వ సైన్స్ కాలేజీ, అలాంటి ప్రభుత్వ సంస్థల్లో మూడేళ్ల ఫీజంతా కలిపినా ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీ ఒక్క ఏడాది ఫీజుకి చేరదు. ఆపైన పీజీసెట్ (పోస్ట్ గ్రాడ్యుయేట్ ఎంట్రన్స్) రాసి ఎంసీఏ చేయొచ్చు. బీసీఏతో పాటు మద్రాసు ఐఐటీ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ కూడా చదవొచ్చు. రెండు డిగ్రీలు ఒకేసారి చేయడానికి 2022లో యూజీసీ అనుమతించింది. ఆ బీఎస్‌కి జేఈఈ అక్కర్లేదు, క్వాలిఫయర్ గట్టెక్కితే చాలు, ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గింపు కూడా ఉంది. పదో తరగతి పిల్లలున్న ఇంట్లో ప్రభుత్వ పాలిటెక్నిక్ డిప్లొమా ఇంకో దారి: మూడేళ్లయ్యాక డిప్లొమావాళ్ల ఎంట్రన్స్ డీసీఈటీ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరతారు, ఒక ఏడాది ఫీజు మిగులుతుంది.

చేరే రోజు

ప్రతి రూపాయికీ పద్దువారీగా రసీదు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి, పరిశీలన అయ్యాక వెనక్కి తీసుకోండి, కాలేజీ వాటిని తన దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. వీటీయూలో హాజరు 85 శాతం ఉండాలి, తక్కువైతే పరీక్ష రాయనివ్వరు. సబ్జెక్టులు మిగిలి ఏడాది వెనకబడితే ఇంకో ఏడాది ఖర్చు నెత్తినపడుతుంది. కన్నడ రాని పిల్లలకి బళకె కన్నడ (వాడుక కన్నడ) అని ఒక సెమిస్టర్ పేపరు ఉంటుంది, తెలుగు లిపి వచ్చినవాళ్లకి ఆ అక్షరాలు పదిరోజుల్లో వచ్చేస్తాయి. మొదటి నెలలోనే స్కాలర్‌షిప్పు దరఖాస్తు వేసి, కాలేజీ గుమాస్తా దాన్ని పోర్టల్లో వెరిఫై చేశారో లేదో వారానికోసారి అడుగుతుండండి.